ఎం.జి.బి. కారు పోషణ

ఎం.జి.బి. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణంలో తయారైన స్పోర్ట్స్ కారు. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా కార్లు ఆ కర్మాగారం నుండి బయటకు వచ్చాయి. వాటిలో అత్యధిక భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. తయారీ ఆగి నాలుగు దశాబ్దాలు దాటినా బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో ఈ కార్లు నేటికీ రోడ్లపై కనిపిస్తాయి. వాటిని ఇంతకాలం బ్రతికించినవారిలో ఎక్కువమంది ఇంటి షెడ్డులో సెలవు రోజున పానా పట్టుకొనే సాధారణ యజమానులు. ఈ కారును నడిచే స్థితిలో ఉంచడం, పాడైన భాగాలను బాగుచేయడం, కాలానుగుణంగా మెరుగుపరచడం అనే అభిరుచి గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

ఎం.జి. అనే అక్షరాలు ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గరాజెస్ అనే సంస్థ పేరు నుండి వచ్చాయి. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. కారుకు వారసురాలిగా 1962 సెప్టెంబరులో ఎం.జి.బి. విడుదలైంది. దీని రూపకల్పనకు ప్రధాన ఇంజనీరు సిడ్ ఎనెవర్ నాయకత్వం వహించగా, బాడీ ఆకృతిని డాన్ హేటర్ తీర్చిదిద్దాడు. మొదట పైకప్పు మడిచే రోడ్‌స్టర్ మాత్రమే ఉండేది. 1965లో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ సహకారంతో స్థిరమైన పైకప్పు గల జి.టి. రకం వచ్చింది.

ఇంజను నాలుగు సిలిండర్లది, 1798 సి.సి. పరిమాణం గలది. 1964 వరకు క్రాంక్ షాఫ్టుకు మూడు ప్రధాన బేరింగులు ఉండగా ఆ తరువాత ఐదుకు పెంచారు. 1967 చివర వచ్చిన రెండవ మార్కు కారులో గేర్‌బాక్సు మారింది, డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. 1974 చివరలో అమెరికా భద్రతా నిబంధనల కోసం మెరిసే క్రోమియం బంపర్లను తీసివేసి నల్లని రబ్బరు బంపర్లు అమర్చారు. కారు ఎత్తును సుమారు ఒకటిన్నర అంగుళం పెంచారు. అదే కాలంలో అమెరికాకు పంపే కార్లలో రెండు ఎస్.యు. కార్బొరేటర్ల బదులు ఒకే స్ట్రాంబర్గ్ కార్బొరేటరు పెట్టడంతో మొదట 95 అశ్వశక్తిగా పేర్కొన్న ఇంజను 60కి కొంచెం పైన మిగిలింది. నేటి యజమానులు చేసే మార్పులలో సగం ఈ రబ్బరు బంపర్ల కాలంలో కారు పోగొట్టుకున్న గుణాలను తిరిగి తెచ్చే ప్రయత్నాలే అని చెప్పవచ్చు. 1980 అక్టోబరులో తయారీ ఆగిపోయి అబింగ్డన్ కర్మాగారం మూతపడింది.

ఇంటి మరమ్మతుకు అనుకూలత

ఈ కారులో కంప్యూటరు నియంత్రణ ఏదీ లేదు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చాలావరకు చేతికి అందుతుంది. అంగుళాల కొలతల పానాలు, ఫీలర్ గేజి, గ్రీజు గన్ను, మంచి జాకీ ఉంటే ఏడాది పొడవునా చేయవలసిన పనులలో ఎక్కువ భాగం యజమానే చేసుకోవచ్చు. కర్మాగారం ప్రచురించిన మరమ్మతు పుస్తకం పునర్ముద్రణలు దొరుకుతాయి.

అయితే అన్ని పనులూ సులభం కావు. క్లచ్చి మార్చాలంటే గేర్‌బాక్సును క్రింది నుండి దింపడం కుదరదు. ఇంజనును పైకి ఎత్తి బయటకు తీయవలసిందే. క్లచ్చి బేరింగు బంతుల రకం కాక కార్బన్ దిమ్మ కావడం వలన నిష్కారణంగా పెడలుపై కాలు ఆనించి నడిపేవారి కారులో అది త్వరగా అరిగిపోతుంది. ఒక చెడ్డ అలవాటు రెండు రోజుల పనిని తెచ్చిపెడుతుందన్నమాట. ఇంజను బయటకు వచ్చినప్పుడే వెనుక ఆయిల్ సీలు, ఇంజను మౌంటింగులు కూడా చూసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

తుప్పు

ఎం.జి.బి.ని చంపేది ఇంజను కాదు, తుప్పు. ఇంజనును విప్పి మళ్ళీ కొత్తదానిలా చేయవచ్చు. కాని తుప్పు తిన్న బాడీని బాగుచేయడానికి అయ్యే ఖర్చు చాలా సందర్భాలలో కారు విలువను మించిపోతుంది.

దీనికి కారణం నిర్మాణంలోనే ఉంది. అంతకుముందరి ఎం.జి.ఎ.కు విడిగా ఉక్కు ఛాసిస్ ఉండేది, బాడీ దానిపై కూర్చునేది. ఎం.జి.బి.లో ఛాసిస్ విడిగా లేదు. రేకులను మలచి అతికించిన పెట్టె వంటి బాడీయే బరువు మొత్తాన్ని మోస్తుంది. తలుపుల క్రింద ముందు చక్రం నుండి వెనుక చక్రం వరకు సాగే సిల్లు అనే భాగం ఇందులో ముఖ్యమైనది. వెలుపలి రేకు, లోపలి రేకు, వాటి మధ్య నిలువు పొర, అడుగున కోటగోడ ఆకారపు పట్టీ అన్నీ కలిస్తే ఒక సిల్లు అవుతుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌కు సిల్లులే వెన్నెముక. శీతల దేశాలలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు ఈ పొరల మధ్య చేరి లోపలి నుండి తినివేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల జల్లెడ అయి ఉండవచ్చు. వెలుపలి రేకు మాత్రమే కొత్తది అతికించి, లోపలి కుళ్ళును కప్పివేసి అమ్మిన కార్లు ఎన్నో ఉన్నాయి. ప్రమాదంలో ప్రక్క నుండి దెబ్బ తగిలితే అటువంటి కారు ప్రయాణికులను కాపాడలేదు.

కొనేవారు చూడవలసిన ఇతర చోట్లు: ముందు మడ్‌గార్డు వెనుక భాగపు అడుగు, వెనుక కమాను కట్టలు బిగించే చోట్లు, నేల రేకులు, సీట్ల వెనుక ఉండే బ్యాటరీ పెట్టెలు. 1974 వరకు రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఈ పెట్టెలలో ఉండేవి. ఆమ్లం చిందడం వలనా, ఎవరూ తొంగి చూడకపోవడం వలనా అవి అడుగు ఊడిపోయేంతగా పాడవుతాయి. తలుపు మూసి దాని వెనుక అంచు వద్ద సందును పరిశీలించడం ఒక మంచి పరీక్ష. సందు పైన ఒక వెడల్పు, క్రింద మరొక వెడల్పు ఉంటే బాడీ నడుము వంగిందని అనుమానించాలి.

సిల్లులు కోసి కొత్తవి వెల్డింగ్ చేసేటప్పుడు కారును సమతలంగా నిలబెట్టి, తలుపులు బిగించే ఉంచి, లోపల అడ్డుకమ్మీలు కట్టి, ఒక ప్రక్క పని పూర్తయిన తరువాతనే రెండవ ప్రక్కకు వెళ్ళాలి. తొందరపడి రెండు ప్రక్కలా ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో క్రుంగిపోతుంది. అలా క్రుంగిన స్థితిలో వెల్డింగ్ చేస్తే తలుపులు ఎన్నటికీ సరిగా మూసుకోవు. ఇది అభిరుచి గలవారు స్వయంగా నేర్చుకోదగిన పనే అయినా, మొదటి పాఠం సొంత కారుపై కాక పాత రేకు ముక్కలపై నేర్చుకోవడం ఉత్తమం. పని పూర్తయ్యాక ఖాళీలలోకి ద్రవరూపంలోని మైనాన్ని పిచికారీ చేస్తారు. నీరు కారిపోవడానికి ఉన్న చిన్న రంధ్రాలను మట్టితో పూడిపోకుండా చూడాలి.

1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ అసలు కర్మాగారపు అచ్చులనే సేకరించి ఎం.జి.బి. బాడీలను మళ్ళీ కొత్తగా తయారుచేయడం ప్రారంభించింది. తయారీ ఆగిపోయిన కారుకు పూర్తి బాడీ కొత్తగా దొరకడం అరుదైన విషయం. రోవర్ సంస్థ 1992లో విడుదల చేసిన ఆర్.వి.8 అనే కారు దీని ఆధారంగా రూపొందినదే. 1995 వరకు తయారైన ఆ కార్లలో ఎక్కువ భాగం జపానుకు వెళ్ళాయి.

ఇంజను, కార్బొరేటర్ల సంరక్షణ

ఇంజను ఇనుప పోతతో చేసిన బరువైన, మొండి యంత్రం. క్రమం తప్పక ఆయిల్ మారిస్తే చిరకాలం పనిచేస్తుంది. వేడెక్కిన ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి చదరపు అంగుళానికి 50 నుండి 80 పౌండ్ల మధ్య, నిదానంగా తిరుగుతున్నప్పుడు 10 నుండి 25 మధ్య ఉండాలి. డాష్‌బోర్డుపై ఉన్న ముల్లు ఈ విషయాన్ని నిరంతరం చెబుతూనే ఉంటుంది. దానిని చూసే అలవాటు యజమానికి కావాలి. ఆధునిక కార్ల కోసం చేసిన పలుచని ఆయిళ్ళలో జింకు సమ్మేళనం తక్కువగా ఉంటుంది. ఈ ఇంజను కామ్ షాఫ్టుకు, టాపెట్లకు ఆ రక్షణ అవసరం. అందువలన పాత కార్లకు ప్రత్యేకంగా చేసిన 20డబ్ల్యు-50 ఆయిల్ వాడుతారు.

టాపెట్ల సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు ఉండాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు 0.014 నుండి 0.016 అంగుళం, ప్లగ్గుల సందు 0.025 అంగుళం. సిలిండర్లు మండే క్రమం 1-3-4-2. కొత్తగా వచ్చినవారు తొందరలో కార్బొరేటర్లపై చేయి వేస్తారు. నిజానికి టాపెట్లు, పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్ సరిచేసిన తరువాతనే కార్బొరేటర్ల వద్దకు వెళ్ళాలి. కార్బొరేటరుదని తలచిన దోషం చాలాసార్లు పాయింట్లదిగా తేలుతుంది.

ఎస్.యు. కార్బొరేటరు పనితీరు విద్యార్థులు తెలుసుకోదగినది. ఇందులో గాలి దారిని ఒక పిస్టన్ మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలిని పీల్చినప్పుడు పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున వ్రేలాడే సన్నని మొనగల సూది కూడా లేచి, పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మరింత తెరుస్తుంది. గాలికి తగిన పెట్రోలు తనంతట తానే సమకూరుతుంది. పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపడకుండా పైనున్న గొట్టంలో కొద్దిగా పలుచని ఆయిల్ పోస్తారు.

రెండు కార్బొరేటర్లనూ సమంగా పీల్చేలా చేయడానికి ఒక రబ్బరు గొట్టం చాలు. గొట్టం ఒక చివరను చెవి వద్ద, రెండవ చివరను ఒక్కొక్క కార్బొరేటరు నోటి వద్ద ఉంచి, బుస్సుమనే శబ్దం రెండింటిలో ఒకేలా వినిపించే వరకు మరలు తిప్పుతారు. మిశ్రమం సరిచూడడానికి పిస్టన్‌ను సుమారు 0.8 మిల్లీమీటరు మాత్రమే పైకి ఎత్తుతారు. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువైనట్లు, ఇంజను తడబడి ఆగబోతే తక్కువైనట్లు, క్షణకాలం కొద్దిగా పెరిగి మళ్ళీ యథాస్థితికి వస్తే సరిపోయినట్లు అర్థం.

పెట్రోలు పంపు విద్యుత్తుతో పనిచేసేది, కారు వెనుక భాగంలో ఉంటుంది. తాళం తిప్పగానే టక్ టక్ మనే శబ్దం వచ్చి, పైపులు నిండాక ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూ ఉంటే ఎక్కడో కారుతున్నట్లు, లేదా ట్యాంకులో పెట్రోలు లేనట్లు. అసలు శబ్దమే రాకపోతే దాని పాయింట్లు అతుక్కుపోయి ఉండవచ్చు. అటువంటప్పుడు పంపును మెల్లగా తట్టితే పనిచేయడం ఈ కార్ల యజమానులందరికీ తెలిసిన చిట్కా. ఇల్లు చేరడానికే తప్ప అది మరమ్మతు కాదు.

సీసం లేని పెట్రోలు, ఇథనాల్

పాత పెట్రోలులో కలిపే సీసం ఎగ్జాస్టు వాల్వుల సీట్లపై పొరలా చేరి వాటిని అరగకుండా కాపాడేది. బ్రిటన్‌లో 1999 చివరతో సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం ఆగింది. అప్పటి నుండి ఎక్కువ వేగంతో నడిపే కార్లలో వాల్వులు సీట్లలోకి క్రుంగడం మొదలైంది. టాపెట్ల సందు మాటిమాటికీ తగ్గిపోవడం దీనికి గుర్తు. సిలిండర్ హెడ్డు విప్పి గట్టి ఉక్కు సీట్లు బిగించడం శాశ్వత పరిష్కారం.

2021 సెప్టెంబరులో గ్రేట్ బ్రిటన్‌లో సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి పగిలేలా చేస్తుంది, నీటిని పీల్చి ట్యాంకులో తుప్పుకు కారణమవుతుంది. కారు కాలిపోయే ప్రమాదం ఇందులో ఉన్నందున పెట్రోలు గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకొనే రకానికి మార్చడం ఐచ్ఛికం కాదు, అవసరం.

విద్యుత్తు

బ్రిటిష్ కార్ల విద్యుత్ పరికరాలపై హాస్యోక్తులు చాలా ఉన్నాయి. వాటిని సరఫరా చేసిన లూకాస్ సంస్థను అంధకార రాకుమారుడని పిలవడం వాటిలో ప్రసిద్ధమైనది. ఈ నింద కొంతవరకు అన్యాయమైనది. నలభై ఏళ్ళ తరువాత దొరికే దోషాలలో అధికం తుప్పు పట్టిన ఎర్తు కనెక్షన్లు, వదులైన క్లిప్పులు, పాత యజమానులు ఇష్టానుసారం కలిపిన తీగలు.

తీగల రంగులకు ఒక పద్ధతి ఉంది. గోధుమరంగు తీగ బ్యాటరీ నుండి నేరుగా వస్తుంది, తెలుపు తాళం తిప్పితే వస్తుంది, ఆకుపచ్చ తాళం తరువాత ఫ్యూజు దాటి వస్తుంది, నలుపు ఎర్తు. ఈ నాలుగు గుర్తుంటే బల్బు కట్టిన తీగతోనే చాలా దోషాలను పట్టుకోవచ్చు. 1967 వరకు వచ్చిన కార్లలో బ్యాటరీ ధన ధ్రువం బాడీకి కలిపి ఉండేది. ఈ విషయం తెలియక ఆధునిక పరికరాలు బిగిస్తే అవి వెంటనే కాలిపోతాయి. హెడ్‌లైట్ల వలయానికి ఫ్యూజు లేకపోవడం ఈ కారులోని పెద్ద లోపం. రిలేలు, ఫ్యూజులు చేర్చడం వలన కాంతి పెరుగుతుంది, స్విచ్చి కరిగిపోయే ప్రమాదం తప్పుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పు ఇదే.

బ్రేకులు, సస్పెన్షన్

ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. బ్రిటన్‌లో అమ్మిన కార్లలో చాలాకాలం ఒకే బ్రేకు వలయం ఉండేది. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. కనుక రబ్బరు గొట్టాలను, తుప్పు పట్టే ఉక్కు పైపులను వయసు చూసి మార్చాలి, పగిలేవరకు ఆగకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానిని రెండేళ్ళకొకసారి మార్చడం ఆచారం.

ముందు చక్రాలను మోసే కింగ్‌పిన్నులకు గ్రీజు ఎక్కించడం ఎక్కువమంది మరచిపోయే పని. చక్రాన్ని జాకీతో గాలిలోకి లేపి ఎక్కిస్తేనే గ్రీజు లోపలికి చేరుతుంది. ప్రతి మూడు వేల మైళ్ళకూ ఇది చేయాలి. షాక్ అబ్జార్బర్లు నేటి గొట్టపు రకం కావు. చేయి వంటి కడ్డీ గల ఆయిల్ పెట్టెలు. ముందు వాటి చేతులే సస్పెన్షన్ పై భాగంగా కూడా పనిచేస్తాయి. ఆయిల్ కారిపోతే కారు పడవలా ఊగుతుంది.

మెరుగుదలలు

ఏది మెరుగుదల, ఏది పాడుచేయడం అన్న విషయంలో అభిమానులు రెండు వర్గాలు. కర్మాగారం నుండి వచ్చినట్లే ఉండాలనేవారు కొందరు. రోజూ నడపాలంటే మార్పులు తప్పవనేవారు కొందరు. ఐదు లక్షలకు పైగా తయారైన కారు కనుక ప్రతి ఒక్కటీ ప్రదర్శనశాల వస్తువు కానవసరం లేదు. అయితే మార్పు చేసేటప్పుడు బాడీని కోయకుండా, తీసిన భాగాలను దాచి ఉంచితే తరువాతి యజమానికి వెనక్కు వెళ్ళే దారి మిగులుతుంది.

డిస్ట్రిబ్యూటర్ లోపల ఇమిడే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, బ్రేకులకు సర్వో, దృఢమైన బుష్షులు, ఐదు గేర్ల గేర్‌బాక్సు నేడు తరచుగా కనిపించే మార్పులు. ఫోర్డు టైప్ 9 గేర్‌బాక్సును ఇందుకు ఎక్కువగా వాడారు. కర్మాగారమే ఐచ్ఛికంగా ఇచ్చిన లేకాక్ ఓవర్‌డ్రైవు ఉన్న కారుకు ఐదవ గేరు అంతగా అవసరపడదు. రబ్బరు బంపర్ల కార్లను తిరిగి పాత ఎత్తుకు దించడం, అమెరికా కార్లలో స్ట్రాంబర్గ్‌ను తీసి జంట ఎస్.యు.లు పెట్టడం కూడా సాధారణం.

ఇంజను శక్తిని పెంచడానికి ఒక హద్దు ఉంది. గాలి లోపలికి వెళ్ళే దారులు, పొగ బయటకు వచ్చే దారులు హెడ్డుకు ఒకే ప్రక్కన ఉన్నాయి. నాలుగు సిలిండర్లకు లోపలి దారులు రెండే, పొగ దారులు మూడే. ఇరుగుపొరుగు సిలిండర్లు ఒకే ద్వారాన్ని పంచుకోవలసి వస్తుంది. అందువలన ఖరీదైన వెబర్ కార్బొరేటరు ఒక్కటే బిగించినంత మాత్రాన ఆశించిన ఫలితం రాదు. హెడ్డు, కామ్ షాఫ్టు, ఎగ్జాస్టు కలిపి మార్చాలి.

మరొక మార్గం ఇంజనునే మార్చడం. రోవర్ వారి 3528 సి.సి. వి8 ఇంజను అల్యూమినియంతో చేసినది కావడం వలన ఎనిమిది సిలిండర్లు ఉన్నా పాత ఇనుప ఇంజనుకు దాదాపు సమానమైన బరువు తూగుతుంది. కెన్ కాస్టెల్లో అనే ఇంజనీరు ఈ మార్పును విజయవంతంగా చేసి చూపిన తరువాత కర్మాగారం కూడా 1973 నుండి 1976 వరకు 2,591 జి.టి. వి8 కార్లు చేసింది. శక్తి పెంచదలచినవారు ముందుగా బ్రేకులు పెంచాలి. ఆ వరుస తప్పినవారి కార్లే ప్రమాదాలకు లోనవుతాయి.

చట్టాలు

బ్రిటన్‌లో 2018 మే 20 నుండి, 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు జరగని కార్లకు వార్షిక ఎం.ఒ.టి. తనిఖీ తప్పనిసరి కాదు. ఎం.జి.బి.లన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. ఇది వరంలా కనిపించినా, తుప్పు పట్టిన బ్రేకు పైపును ఏడాదికొకసారి చూసే పరాయి కన్ను లేకుండా పోయింది. జాగ్రత్తపరులు స్వచ్ఛందంగా తనిఖీ చేయించుకుంటారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడలు కార్లకు పొగ తనిఖీ లేదు. 1976 నుండి 1980 వరకు మోడళ్ళకు ఉంది. అక్కడ ఈ కారు కొనదలచే తెలుగువారు మోడలు సంవత్సరం చూసుకోవడం మంచిది. అసలు కాలుష్య నియంత్రణ పరికరాలు తీసివేసి జంట కార్బొరేటర్లు పెట్టిన 1978 కారు ఎంత చక్కగా నడిచినా ఆ తనిఖీ దాటలేదు.

భద్రత

జాకీపై మాత్రమే నిలిపిన కారు క్రిందకు ఎన్నడూ దూరరాదు. స్టాండ్లు తప్పక పెట్టాలి. పాత బ్రేక్ షూలలోనూ, క్లచ్చి పళ్ళెంలోనూ ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిపి తుడవాలి. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండిన ట్యాంకు కంటే ప్రమాదకరం. లోపలి ఆవిరి నిప్పు రవ్వకే పేలుతుంది. దానికి ఇంట్లో వెల్డింగ్ చేయరాదు.

అంబాసిడరుతో చుట్టరికం

ఎం.జి.బి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలోని 1489 సి.సి. ఇంజను ఎం.జి.ఎ. తొలి కార్లలో ఉండేది. అదే పరిమాణపు బి-సిరీస్ ఇంజను హిందుస్తాన్ అంబాసిడరులో దశాబ్దాలపాటు పనిచేసింది. రెండింటి సిలిండరు బోరు, బేరింగులు, హెడ్డు వేరు కనుక విడిభాగాలు నేరుగా కలవవు. కాని టాపెట్లు పెట్టే తీరు, పుష్ రాడ్ల అమరిక, ఒకే ప్రక్కన ఉన్న దారులు, పనిచేసే శబ్దం ఒకే పోలికలో ఉంటాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలలో అంబాసిడరు టాక్సీలను బాగుచేసిన పాత తరం మెకానిక్కులకు ఎం.జి.బి. బానెట్ ఎత్తి చూపితే ఇంజను పరాయిదిగా అనిపించదు. 2014లో అంబాసిడరు తయారీ ఆగిన తరువాత ఆ పనివాడితనం తెలిసినవారు క్రమంగా తగ్గుతున్నారు.

2019 నుండి భారతదేశంలో ఎం.జి. చిహ్నంతో అమ్ముడవుతున్న హెక్టర్ మొదలైన కార్లకు అబింగ్డన్ కార్లతో పేరు సంబంధమే తప్ప యాంత్రిక సంబంధం లేదు. ఆ పేరు చైనాకు చెందిన సాయిక్ సంస్థ చేతికి వచ్చింది. మన దేశంలో 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజి వాహనాలుగా ప్రత్యేక వి.ఎ. వరుస సంఖ్యతో నమోదు చేసుకొనే నిబంధనలు 2021లో వచ్చాయి. 1970ల తొలి సంవత్సరాల అంబాసిడర్లు ఇప్పుడు ఈ వయసు పరిమితిలోకి వచ్చాయి. ఇంజను పోషణలో పైన చెప్పిన టాపెట్లు, పాయింట్లు, ఆయిల్, ఇథనాల్ జాగ్రత్తలు వాటికి కూడా వర్తిస్తాయి. సందుల కొలతలు మాత్రం ఆ కారు మరమ్మతు పుస్తకం నుండే తీసుకోవాలి.